మోగని బండ

ఆదివారం పొద్దున పదకొండింటికి, వికారాబాద్‌లోని ఒక ఫంక్షన్ హాలులో, నా భార్య చావును మూడు వందల మంది చూశారు. ఈలలు వేశారు. నేనూ చూశాను. అంతవరకు ఆమె ఎలా పోయిందో నాకు తెలియదు.

నా పేరు జంగప్ప. తాండూరు దగ్గర నాపరాయి గనిలో మేస్త్రీని. ముప్పై ఏళ్లుగా నా పని ఒకటే. కూలీలు కాలు పెట్టకముందే బండను గడ్డపారతో కొట్టి వింటాను. ఖంగుమంటే మంచిది. దబ్బుమంటే లోపల చీలింది. మోగని బండ మీద ఎవరూ నిలబడకూడదు. దాని మీద జాజుతో ఎర్రగా ఇంటూ గుర్తు పెడతాను. పైన పెట్టిన గుర్తు వానకు కొట్టుకుపోతుంది. అందుకని అంచు మీద కూడా ఒకటి పెడతాను. వంగి చూస్తే తప్ప అది కనబడదు.

మా గనిలో ‘ఏడో పొర’ అనే సీరియల్ తీశారు. నాపరాళ్ల కింద ఏడో పొరలో ఏవో జీవాలు నిద్రపోతుంటాయట. తవ్వితే లేస్తాయి. పైన నిలబడ్డ మనిషిని మింగి, అదే మనిషి రూపంలో పైకి వస్తాయి. ఎవరు మనిషో, ఎవరు కాదో తెలియదు. అదీ కథ. హీరోయిన్ శ్రేయ హైదరాబాద్ పిల్ల. గని కూలీ వేషం వేసింది. చెప్పులు లేకుండా బండల మీద నడవడం ఆమెకు రాలేదు. వెనకనుంచి తీసే నడకలన్నీ నా భార్య మొగులమ్మతో తీశారు. ఎత్తు ఒకటే, ఒళ్లు ఒకటే. ముఖం శ్రేయది, పాదాలు మొగులమ్మవి.

పదకొండు నెలల కింద షూటింగ్ ఆఖరి రోజు. గుంత అంచున తొమ్మిది బండలున్నాయి. పొద్దున్నే తొమ్మిదింటినీ కొట్టి చూశాను. ఎనిమిది మోగాయి. ఒకటి మోగలేదు. గుర్తు పెట్టి గని యజమాని రాజేందర్‌కు చెప్పాను. తల ఊపాడు. నన్ను పాలిష్ మిషన్ దగ్గరికి పనిమీద పంపాడు. సాయంత్రం నేను తిరిగి వచ్చేసరికి మొగులమ్మను నీళ్లలోంచి తీసి టార్పాలిన్ మీద పడుకోబెట్టి ఉన్నారు. తల వెనక భాగం లేదు.

“షూటింగ్ అయిపోయినంక కాళ్లు కడుక్కుంట అని పోయింది జంగప్పా. నువ్వు మంచిగున్నదన్న బండే ఇరిగింది,” అన్నాడు రాజేందర్.

కాగితం కూడా రాసి తెచ్చాడు. మేస్త్రీ పరీక్షించి బాగుందన్న బండ విరిగి మనిషి పోయిందని అందులో ఉంది. నేను ఏడో తరగతి దాకా చదివాను. చదివే సంతకం పెట్టాను. నమ్మాను గనుక పెట్టాను. వారం తిరగకముందే జేసీబీ పెట్టి ఆ అంచంతా గుంతలోకి తోసేశాడు. నేను చూసుకోవడానికి ఏమీ మిగలలేదు.

నా బిడ్డ శ్యామల వికారాబాద్‌లో మందుల దుకాణంలో పని చేస్తుంది. పదో రోజు నాడు నా ముందు నిలబడి ఒకటే మాట అంది. “అమ్మను నీ చెవే సంపింది నాయినా.” మళ్లీ మాట్లాడలేదు. అది అన్నది తప్పని నాకూ అనిపించలేదు. పనిలోకి పోయేవాణ్ని. ఒక్కో బండను నాలుగైదుసార్లు కొట్టేవాణ్ని. కూలీలు నవ్వుకునేవాళ్లు.

సీరియల్ ఆఖరి భాగం ఆ ఆదివారం రాత్రి ఎనిమిదింటికి టీవీలో రావాలి. ఇక్కడ తీశారు గనుక ఇక్కడివాళ్లకు ముందే చూపిస్తామన్నారు. గని కూలీలను డీసీఎం వ్యానులో తెచ్చారు. నేను పనిసంచితోనే వచ్చాను. సంచిలో సుత్తె ఉంది. అది లేకుండా నేనెక్కడికీ పోను. మొగులమ్మ నడక ఆఖరిసారి చూడవచ్చని వచ్చాను. అంతే.

నా పక్కన కిష్టయ్య కూర్చున్నాడు. గనిలో నాతో పాతికేళ్ల నుంచి పని చేస్తున్నాడు.

“మామా, గా ఏడో పొరల ఉన్న రాక్షసులు ఎన్ని గంటలు పని చేయిస్తరంటవ్?” అన్నాడు.

“నోర్ముయ్.”

“మన పటేల్‌ను గూడ మింగుంటే బాగుండు. మింగి ఉమ్మేసిండ్రేమో, రుచి లేక.”

ఆ పటేల్, రాజేందర్, ముందు వరసలో తెల్ల చొక్కాతో కూర్చున్నాడు. మెడలో కండువా, దాని మీద పూలదండ. లైట్లు ఆర్పారు.

ఆఖరి భాగంలో ఊళ్లో సగం మంది మనుషులు కాదు. శ్రేయ తమ్ముడూ కాదు. ఆమె వాణ్ని గడ్డపారతో పొడుస్తుంది. వాడి కడుపులోంచి రక్తానికి బదులు రాతిపొడి రాలుతుంది. హాలులో ఆడవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకున్నారు. ఆమె గనికి పరుగెత్తుతుంది. గుంత మూసేస్తే జీవాలు చస్తాయి. మూయాలంటే అంచు చివరిదాకా పోవాలి. కింద ఏదో కదులుతుంది. పాటా మాటా ఆగిపోయాయి. మూడు వందల మందిలో ఒక్కరు కూడా దగ్గలేదు.

అక్కడినుంచి ముఖం లేదు. వీపు మాత్రమే. మొగులమ్మ వీపు.

ఆమె అంచుకు నాలుగడుగుల దూరంలో ఆగింది. వంగి చిన్న రాయి తీసింది. ముందున్న బండ మీద వేసి తల పక్కకు వంచింది. గని ఆడవాళ్లందరికీ ఉన్న అలవాటే అది. తర్వాత సగం వెనక్కి తిరిగి చెయ్యెత్తింది. వద్దన్నట్టు. బండ మీద ఒక నీడ పడింది. చెయ్యి ముందుకు చాపిన మగవాడి నీడ. ఆమె ఆ నీడను తొక్కుకుంటూ రెండడుగులు వేసింది. బండ విరిగింది. ఆమె లేదు.

హాలంతా ఈలలు.

“వారెవ్వా! ఏం గ్రాఫిక్స్ ర బయ్!” అని లేచి నిలబడ్డాడు కిష్టయ్య. నా వైపు చూశాడు. కూర్చున్నాడు.

అయిపోలేదు. ఆ జీవం ఇప్పుడు ఆమె రూపంలో పైకి రావాలి. దానికి వాళ్లు కొత్తగా ఏమీ తీయలేదు. ఆమె పడిన దృశ్యాన్నే వెనక్కి తిప్పారు. నెమ్మదిగా. నీళ్లు మూసుకున్నాయి. మొగులమ్మ తలకిందులుగా పైకి లేచింది. విరిగిన ముక్కలు ఆమె కాళ్ల కిందికి వచ్చి అతుక్కున్నాయి. అతుక్కునే ముందు పెద్ద ముక్క గాలిలో ఒకసారి తిరిగింది. దాని అంచు మా వైపుకు వచ్చింది.

అంచు మీద ఎర్రటి ఇంటూ.

పైన గుర్తు కడిగేశారు. తడి కూడా కనబడుతోంది. అంచున ఇంకొకటి ఉంటుందని వాళ్లకు తెలియదు. నేను వద్దన్న బండే అది. నా చెవి తప్పు చేయలేదు.

జనం చప్పట్లు కొడుతుండగా నేను బయటికి నడిచాను.

హాలు వెనక బగారన్నం దించుతున్నారు. ప్రేమ్‌సాగర్ అక్కడ ప్లేటు పట్టుకుని నిలబడ్డాడు. ధారూర్‌వాడు. ముప్పై ఏళ్లుంటాయి. షూటింగ్‌లో డైరెక్టర్ కింద పని చేశాడు. రోజంతా ఫోన్ పట్టుకుని, ఎవరేం చేస్తున్నారో వీడియోలు తీస్తుండేవాడు.

“ఆ రోజు నువ్వు తీసింది చూపియ్,” అన్నాను.

“ఏ రోజు కాకా? తిన్నవా? ముందుగాల తిను.”

“మొగులమ్మ పడ్డ రోజు.”

“అది లేదు కాకా. డిలీట్ అయింది. నిజంగ.”

అతని ఎడమచేతి చిటికెన వేలు పట్టుకుని వెనక్కి విరిచాను. ఎండుపుల్ల విరిగినట్టు విరిగింది. ప్లేటు కింద పడింది. వంటవాడు గరిటె పట్టుకుని వచ్చాడు. సంచిలోంచి సుత్తె తీశాను. వెనక్కి పోయాడు. ప్రేమ్‌సాగర్‌ను మెడ పట్టి వంచి, పొయ్యి మీద కాగుతున్న దాల్చా గిన్నె మీద అతని ముఖం పెట్టాను. ఆవిరికి కనుబొమ్మలు తడిశాయి.

“ఇంక తొమ్మిదున్నయి,” అన్నాను.

“సూపిస్త, సూపిస్త! నా తప్పు లేదు కాకా! సెప్తే పనిలకెళ్లి తీసేస్తమన్నరు!”

వీడియో రెండు నిమిషాలుంది. సీరియల్‌లో మాటలు తీసేసిన చోట ఇందులో మాటలున్నాయి.

మొగులమ్మ గొంతు: “పటేలా, ఇది మోగుతలేదు. మా ఆయిన గుర్తు పెట్టిండు. మీరు కడిగిండ్రు.”

రాజేందర్ గొంతు: “బండ మోగుడేందే? గుడి గంటనా?”

నవ్వులు. చాలామంది నవ్వారు.

“మోగేటిదే బరువుకు ఆగుతది పటేలా. మోగనిది ఆగది. పక్క బండ మీదికెళ్లి పోత.”

“పక్క బండ కెమెరాల రాదు. ఎండ పోతున్నది, నడువ్. నడుస్తవా, రేపటిసంది నువ్వు, నీ మొగడు ఇంట్ల కూసుంటరా?”

అడుగులు. తర్వాత దబ్బుమని చప్పుడు. తర్వాత ఎవరో అడిగారు: “షాట్ వచ్చిందా?”

రెండోసారి వినలేదు. శ్యామల నంబర్ చెప్పి, ఆ వీడియో పంపమన్నాను. మంచి చేత్తో పంపాడు. వేలు పట్టుకుని అక్కడే బూడిదలో కూర్చున్నాడు. ఏడుస్తున్నాడు. నాకు జాలి కలగలేదు. పదకొండు నెలలు ఫోన్‌లో పెట్టుకుని తిరిగాడు.

రాజేందర్ గేటు దగ్గర కారెక్కుతూ నన్ను చూశాడు.

“జంగప్పా, డీసీఎంల ఏం పోతవ్? ఎక్కు. నేను గూడ తాండూరే.”

వెనక సీట్లో కూర్చున్నాను. సుత్తె మళ్లీ సంచిలో ఉంది. సంచి ఒళ్లో ఉంది. ధారూర్ దాటేదాకా అతనే మాట్లాడాడు.

“ఎట్లున్నది మరి? మస్తుగ తీసిండ్రు గదా. రెండో భాగం గూడ మన గనిల్నే అంటున్నరు.”

“ఆఁ.”

“మొగులమ్మ నసీబ్ మంచిది చూడు. సచ్చిపోయినంక గూడ టీవీల బతికే ఉన్నది.”

“అది షూటింగ్ అయిపోయినంక పడ్డదన్నవు.”

అద్దంలో నా వైపు చూశాడు. వేగం తగ్గింది.

“గా పడ్డది గ్రాఫిక్స్. కంప్యూటర్ల చేస్తరు. నీకు తెల్వదు.”

“గని తోవకు తిప్పు పటేలా.”

“ఇయ్యాల ఆదివారం. ఎవ్వరుంటరు ఆడ?”

“ఎవ్వరుండరు.”

స్టీరింగ్ మీదున్న అతని ఎడమచేతిని సుత్తెతో కొట్టాను. అరిచాడు. కారు రోడ్డు దిగి, పక్కన పేర్చిన బండల చట్టాకు రాసుకుంది. సుత్తెను అతని చెవికి ఆనించాను. గని తోవకు తిప్పాడు. గేటు దాకా ఒంటిచేత్తో నడిపాడు.

దిగగానే తిరగబడ్డాడు. నాకన్నా పదేళ్లు చిన్న, నాకన్నా రెండింతల ఒళ్లు. నేల మీద పలుగురాయి తీసుకుని నా ముఖం మీద కొట్టాడు. పైపళ్లు రెండు విరిగాయి. ఒకటి ఉమ్మాను, ఒకటి మింగాను. మళ్లీ కొట్టడానికి చెయ్యెత్తాడు. నేను పడి ఉన్నచోటు నుంచే అతని మోకాలి చిప్ప మీద కొట్టాను. బండ కొట్టినట్టు కాదు. తడి చప్పుడు. కూలబడ్డాడు. ఇంకొకటి కొట్టాను, అదే చోట. లేచి నడిచే మోకాలు కాదిక అది.

మా గనిలో ఒక దిమ్మె ఉంది. చుట్టూ రాయి కోసేయగా నడుమ మిగిలింది. నాలుగు పక్కలా నలభై అడుగుల గుంత, అడుగున ఆకుపచ్చ నీళ్లు, నీళ్లలోంచి పైకి తేలిన విరిగిన బండల కొనలు. దిమ్మె మీదికి పోవడానికి రెండు పొడుగు బండలు పక్కపక్కనే వారధిలా వేసి ఉన్నాయి. ఒకటి మోగుతుంది. రెండోది మోగదు. గురువారమే చూసి గుర్తు పెట్టాను. సోమవారం దాన్ని తీసేయాలి.

ఏ బండ మీదుగా పోతామో చూడకుండా అతని మెడలో ఉన్న కండువా తీసి కళ్లకు గంతలు కట్టాను. ముట్టుకుంటే గుంతలోకి తోస్తానన్నాను. చంకల కింద పట్టి, మంచి బండ మీదుగా దిమ్మె మీదికి ఈడ్చుకుపోయాను. దారి పొడుగునా నన్ను, నా తల్లిని తిట్టాడు. తర్వాత నేను ఇవతలికి వచ్చేశాను. బకెట్‌తో నీళ్లు తెచ్చి రెండు బండలనూ కడిగాను. పైన ఉన్న జాజు గుర్తు పోయింది. వాళ్లు కడిగినట్టే కడిగాను. అంచు మీద గుర్తును ముట్టుకోలేదు.

“గంతలు తీస్కో,” అన్నాను.

తీసుకున్నాడు. గుంత చూశాడు. వెనక్కి జరిగాడు.

“జంగప్పా, పిచ్చి లేసిందా? నాకేమన్న అయితే నిన్ను ఉరి తీస్తరు.”

“తీయనియ్. రెండు బండలున్నయి. ఒకటి ఆగుతది, ఒకటి ఆగది. ఆగేదాని మీద పాక్కుంట వచ్చినవంటే నిన్ను ఏమన. దవాఖానకు నేనే తీస్కపోత. నా బిడ్డ మీద ఒట్టు.”

“ఏది ఆగుతదో నాకెట్ల తెలుస్తది?”

“నీకు చెప్పిండ్రు.”

“ఎవ్వరు చెప్పిండ్రు?”

గడ్డపార తీసుకుని మొదటి బండను కొట్టాను. ఖంగ్. గుంతంతా మోగింది. రెండోదాన్ని కొట్టాను. దబ్.

“ఇంకోపారి,” అన్నాడు.

కొట్టాను. ఖంగ్. దబ్.

ముప్పై ఏళ్ల కింద అతని తండ్రి గని. ఇరవై ఏళ్లుగా అతనిది. ఈ రాళ్లతో ఇల్లు కట్టాడు, కార్లు కొన్నాడు. ఒక్కసారి కూడా ఒక బండను కొట్టి వినలేదు. అతనికి అవసరం రాలేదు. వినడానికి మేం ఉన్నాం.

ఎండ నెత్తి మీద ఉంది. అతను బోర్లా పడుకుని రెండు బండలనూ చేత్తో తడిమాడు. ఇంకా రెండడుగులు ముందుకు జరిగి తల వంచితే అంచు కనబడేది. వంచలేదు.

“ఎవ్వరు చెప్పిండ్రు జంగప్పా? నీకు దండం పెడ్త. ఎవ్వరు చెప్పిండ్రు?”

“గుర్తు చేస్కో.”

గుర్తు చేసుకున్నాడు. నిజంగానే కష్టపడ్డాడు. నుదురు ముడుచుకుంది. తండ్రి పేరు చెప్పాడు. ఇంజనీర్ పేరు ఒకటి చెప్పాడు. నా పేరు చెప్పాడు. మొగులమ్మ పేరు అతని నోటికి రాలేదు. మోగేదే ఆగుతుందని ఆమె చచ్చే ముందు అతనితోనే అంది. నవ్వాడు గానీ వినలేదు.

అప్పుడే ఫోన్ మోగింది. శ్యామల. పదకొండు నెలల తర్వాత.

“నాయినా,” అంది. ఏడుస్తోంది. “ఇన్న నాయినా. అంత ఇన్న. నీ తప్పు లేదు. నేను గట్ల అనకుంట ఉండేది.”

“సరే బిడ్డ.”

“యాడున్నవ్? వాన్ని ఏం జెయ్యకు. వీడియో ఉన్నది గదా, ఠాణాకు పోదాం. నేను వస్త. ఏం జెయ్యనని చెప్పు నాయినా.”

గుంత అవతల రాజేందర్ తనలో తాను మాట్లాడుకుంటున్నాడు. నాకు స్పష్టంగా వినబడుతోంది.

“ఖంగుమన్నదంటే లోపట డొల్ల. బిందె ఖాళీగుంటేనే మోగుతది. దబ్బుమన్నది నిండుగున్నది. గట్టిగున్నది.” తల ఎత్తాడు. ముఖం మీద కొంచెం వెలుగు వచ్చింది. “గిదే గదా జంగప్పా? నిండుగున్నదే గదా?”

ఒక్క మాట చాలు. కాదు అంటే చాలు. ఫోన్‌లో నా బిడ్డ ఒకటే అడుగుతోంది. ఏం జెయ్యనని చెప్పు నాయినా. నేను ఏమీ చేయడం లేదు. నిలబడి ఉన్నాను.

అతను మోగని బండ మీదికి చేతులు పెట్టాడు. తర్వాత మంచి మోకాలు. విరిగిన కాలును వెనక ఈడ్చాడు. మూరెడు వచ్చాడు. బండ ఆగింది. నా వైపు చూసి నవ్వబోయాడు. ఇంకో మూరెడు. నడుమకు వచ్చాడు.

చీలిక తెరుచుకోవడం ముందు నాకే వినబడింది. చిన్న చప్పుడు. ఆ తర్వాత పెద్దది. అతను చెయ్యి చాపాడు, నా వైపుకు. అతనూ బండా కలిసే పోయారు. కొనదేలిన బండల మీద పడ్డ చప్పుడు వేరుగా, నీళ్ల చప్పుడు వేరుగా వచ్చాయి. అరుపు రాలేదు. అంత సమయం లేదు.

“ఏం సప్పుడది నాయినా?”

“బండ.”

ఫోన్ ఆపేశాను. వంగి చూశాను. వీపు పైకి తేలి ఉంది. తెల్ల చొక్కా మెల్లగా రంగు మారుతోంది. పక్కనే బండ సగం ముక్క నిలబడి ఉంది. అంచు పైకి ఉంది. ఎర్రటి ఇంటూ చెక్కు చెదరలేదు.

గడ్డపార కడిగి షెడ్డులో పెట్టాను. నోరు కడుక్కుని, పొద్దు వాలేదాకా అక్కడే కూర్చున్నాను. నడిచి తాండూరు వచ్చేసరికి దీపాలు వెలిగాయి. మొగులమ్మ చీర ఒకటి ఇంట్లో దండెం మీద ఉంది. దాన్ని మడిచి పెట్టెలో పెట్టి, తాళం వేసి, ఠాణాకు పోయాను. శ్యామల నన్ను ఎక్కడ వెతుకుతోందో.

ఠాణాలో కానిస్టేబుల్ నర్సప్ప ఒక్కడే ఉన్నాడు. గోడ మీద టీవీ. ‘ఏడో పొర’ ఆఖరి భాగం. శ్రేయ గనికి పరుగెత్తుతోంది.

“సార్, ఒక మనిషి సచ్చిండు. నేనే సంపిన. చెప్పుకునేందుకొచ్చిన.”

నా వైపు తిరగలేదు. చెయ్యి మాత్రం ఊపాడు.

“జర కూసో పెద్దమనిషీ. అయిపోవచ్చింది. గీమె గుంతల పడ్తదో లేదో చూడనియ్.”

“పడ్తది,” అన్నాను.

“ఏయ్, చెప్పకు!”

బెంచీ మీద కూర్చున్నాను. టీవీలో మొగులమ్మ రాయి వేసి విన్నది. వద్దని చెయ్యెత్తింది. పడింది. నర్సప్ప తొడ మీద కొట్టుకున్నాడు. తర్వాత నీళ్లు మూసుకున్నాయి, ముక్కలు అతుక్కున్నాయి. మొగులమ్మ నెమ్మదిగా పైకి వచ్చి, బండ మీద నిలబడింది. ఆమె వెనక గుంత ఖాళీగా ఉంది. ఇంకెవరూ పైకి రాలేదు.

నర్సప్ప టీవీ కట్టేసి, కాగితం తీసుకుని నా వైపు తిరిగాడు.

“ఆఁ, ఇప్పుడు చెప్పు. ఎవరు పడ్డరు?”